కుంట లోతు కొలిచాకే ప్రపోజల్ కుదిరింది: 16 నెలల ప్రాజెక్టు డైరీ

2023 జూన్ 11, ఆదివారం

వరుసగా మూడో ఆదివారం. 22 మందిమి పొద్దున ఆరింటికి కుంటలో దిగి, ఎండ ముదిరేదాకా సర్కారు తుమ్మ కొట్టాం. మూడు వారాల్లో కలిపి ఖాళీ అయిన జాగా పది గుంటలు కూడా లేదు. కుంట మొత్తం నాలుగెకరాలు. పైగా మొదటి ఆదివారం కొట్టిన మొదళ్ళకు ఇవాళ జానెడు చిగుళ్ళు వచ్చేశాయి. సర్కారు తుమ్మను గొడ్డలితో కొడితే పోదు, వేరుతో సహా పెకలించాలి. అది చేతుల పని కాదు, జేసీబీ పని. జేసీబీ అంటే డబ్బు.

మాది జనగామ జిల్లాలో చెల్క నేలల (ఎర్ర మెట్ట నేలల) ఊరు. పైనుంచి వచ్చే వాన నీళ్ళు ముందు మా కుంట నింపి, మత్తడి (అలుగు) దుంకి, కింద పెద్ద చెరువులో కలవాలి. గొలుసుకట్టులో మాదొక చిన్న ముడి. 2015లో చెరువుల్ని బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు కింది చెరువు బాగుపడింది. మా కుంట దాకా పని రాలేదు. రాష్ట్రంలో లెక్కకొచ్చిన చెరువులు, కుంటలే 46 వేలకు పైగా ఉన్నాయి, మా వంతు కోసం కూర్చుంటే తుమ్మ అడవి అయ్యేలా ఉంది.

జనగామలో ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాయడం నా ఉద్యోగం. అందుకని గ్రాంట్ వెతికే పని నాకు అప్పగించారు. ఇవాళ్టి నుంచి ఈ నోట్‌బుక్ మొదలు.

2023 జూన్ 25

రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని ఎవరెవరు డబ్బిస్తారో రాసుకున్నాను. ముందు దూరంగా ఉన్న పెద్ద పేర్లు చూశాను. గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ వాళ్ళ స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రాం ఉంది. 1992 నుంచి నడుస్తోంది, ఒక్కో ప్రాజెక్టుకు పదుల వేల డాలర్లు ఇస్తారు. నాలుగెకరాల కుంటకు అది మరీ పెద్దది. దాని రిపోర్టులు రాయడానికే ఒక మనిషి కావాలి. నాబార్డ్ వాటర్‌షెడ్ పథకాలు ఒక గుట్ట నుంచి వాగు దాకా మొత్తం పరీవాహకాన్ని చూస్తాయి. కేంద్రం 2022 ఏప్రిల్ 24న మొదలుపెట్టిన అమృత్ సరోవర్‌లో జిల్లాకు 75 చెరువుల లక్ష్యం. దానికి విడిగా నిధులు లేవు, ఉపాధి హామీ, ఆర్థిక సంఘం లాంటి ఉన్న డబ్బుల్నే ఒకచోట కలుపుతారు.

ఆ కలపడమన్న మాట నాకు బాగా నచ్చింది. పక్కన గీత గీసి పెట్టుకున్నాను.

ఇక కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న ప్రతి కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. పర్యావరణం ఆ జాబితాలో ఉంది. చదువుతుంటే చాలా ఆశ పుట్టింది. కానీ ఆ డబ్బు మాలాంటి సంఘం చేతికి రావాలంటే ఆదాయపన్ను శాఖ దగ్గర 12ఏ (సంఘానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి సీఎస్ఆర్-1 నంబరు, వీటితో పాటు అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలి. మాకు మూడు ఆదివారాల అనుభవం ఉంది.

మాకసలు పేరున్న సంఘమే లేదు. వాట్సాప్ గ్రూపు ఉంది, అంతే. గ్రూపుకు ఎవరూ చెక్కు రాయరు.

2023 జులై 16

సొసైటీ రిజిస్ట్రేషన్ అయింది. 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు ఉండాలి. మేము పదకొండు మందిని పెట్టాం. అధ్యక్షురాలిగా అంగన్‌వాడీ టీచర్ వదిన, కార్యదర్శిగా హైస్కూల్ బయాలజీ సార్, కోశాధికారిగా నేను. వారంలో పాన్ కార్డు, ఆ తర్వాత బ్యాంకు ఖాతా. చెక్కు మీద ఇద్దరి సంతకాలు తప్పనిసరి అని మొదటి తీర్మానంలోనే రాసుకున్నాం. ఊళ్ళో ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక కాదు. నమ్మకం చెడకుండా ఉండాలని.

ఇది చదివే వాళ్ళలో ఎవరైనా ఇప్పుడే మొదలుపెడుతుంటే ఒక మాట: సంఘం లక్ష్యాల్లో "చెరువుల పునరుద్ధరణ, మొక్కల పెంపకం, జీవవైవిధ్య పరిరక్షణ" అని విడమరిచి రాయండి. "గ్రామాభివృద్ధి" అని ఒక్క మాట రాస్తే, రేపు పర్యావరణం గ్రాంట్ ఇచ్చేవాళ్ళు మీ బైలాస్‌లో ఆ మాట వెతుక్కుంటారు.

2023 జులై 30

మొదటి అప్లికేషన్ పంపేశాం. హైదరాబాద్‌లో ఒక కుటుంబ ట్రస్టు చిన్న చిన్న పర్యావరణ పనులకు సాయం చేస్తుందని బయాలజీ సార్‌కు తెలిసింది. డెడ్‌లైన్ నెలాఖరు. టెన్షన్‌లో మూడు రాత్రుల్లో పన్నెండు పేజీలు రాశాం. అడిగింది 9 లక్షల 80 వేలు. పూడిక తీత, తుమ్మ తొలగింపు, కట్ట బలోపేతం, తూము, మొక్కలు, వాకింగ్ ట్రాక్, బెంచీలు, బోర్డులు అన్నీ పెట్టాం.

ఈ వారం వానలు దంచికొట్టాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అక్కడ ఊళ్ళకు ఊళ్ళే మునిగాయి. మా దగ్గర అంత లేదు గానీ కుంట నిండి మత్తడి దుంకింది. కట్ట మీద నిలబడి చూస్తే కడుపు నిండిపోయింది. "ఇంత నిండిన కుంటకు గ్రాంట్ ఎందుకని అడుగుతారేమో" అన్నాడు ట్రాక్టర్ బావ. అప్పుడు ఎవరికీ జవాబు తట్టలేదు.

2023 ఆగస్టు 24

రిజెక్ట్ అయింది. మెయిల్ మూడే లైన్లు. కింద ఫోన్ నంబర్ ఉంటే ధైర్యం చేసి చేశాను. అవతల మేడం ఓపికగా ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆవిడ అడిగినవి నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

మీ కుంటలో పూడిక ఎంత మందాన ఉంది? అది తీస్తే ఎన్ని లీటర్లు అదనంగా ఆగుతాయి? పని చేయడానికి మీకు ఎవరి అనుమతి కావాలి, అది ఉందా? ఊరి వాటా దగ్గర "లేదు" అని రాశారు, నిజంగా ఏమీ లేదా? మా డబ్బు అయిపోయాక ఎవరు చూసుకుంటారు?

ఒక్కదానికీ నా దగ్గర సమాధానం లేదు. ఫోన్ పెట్టేశాక మా ప్రపోజల్ మళ్ళీ తీసి చదివాను. భూగోళం వేడెక్కడం గురించి రెండు పేజీలున్నాయి. మా కుంట గురించి నాలుగు లైన్లున్నాయి. ఆ నాలుగు లైన్లు ఏ ఊరి పేరు పెట్టినా సరిపోతాయి.

ఇదే నెలలో 12ఏబీ (అదే 12ఏ), 80జీ కోసం ఆన్‌లైన్‌లో ఫారం 10ఏ పెట్టాం. కొత్త సంఘం కాబట్టి మూడేళ్ళకు తాత్కాలిక రిజిస్ట్రేషన్ వస్తుంది. స్వచ్ఛంద సంస్థల కోసం నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లో కూడా నమోదు చేసుకున్నాం. రెండిటికీ ఫీజు లేదు. మధ్యవర్తి ఒకాయన 15 వేలు అడిగితే వద్దన్నాం. బయాలజీ సార్ కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, రెండు సాయంత్రాలు కూర్చుని పూర్తి చేశాడు.

2023 సెప్టెంబర్ 17

ఈ పనిలో నేను ఎప్పటికీ గుర్తుంచుకునే రోజు ఇదే.

పొద్దున్నే నీరటి తాతను ఇంటికి వెళ్ళి పిలుచుకొచ్చాం. వాళ్ళ నాయన, తాత కూడా ఈ కుంట తూము తీసి మూసిన వాళ్ళే. ఆయనకు డెబ్బై దాటాయి. మా ప్లాన్ చెప్పాను: నీళ్ళ లోతు కొలుస్తాం తాతా అని. ఆయన కట్ట మీద నిలబడి కాసేపు నీళ్ళకేసి చూసి, "పైకి సూస్తే కుంట నిండినట్టే ఉంటది బిడ్డా. అడుగుల సగం మన్నే ఉన్నది. నీళ్ళను గాదు, మన్నును కొలువుండ్రి" అన్నాడు.

చేపలు పట్టే ఇద్దరు అన్నలు థర్మోకోల్ తెప్ప తెచ్చారు. పదిహేనడుగుల వెదురు కర్రకు అడుగడుక్కూ ఎర్ర పెయింట్ గీత, మధ్యలో అంగుళాలకు చిన్న గాట్లు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తాడు కట్టి, ఇరవై మీటర్లకో ముడి వేశాం. ముడి దగ్గర తెప్ప ఆపాలి. కర్రను మెల్లగా దించితే ఒకచోట మెత్తగా ఆగుతుంది. అది పూడిక పైభాగం, ఆ గీత చదవాలి. తర్వాత ఇద్దరూ బలంగా అదిమితే కర్ర బురదలోకి దిగి, "టక్" అని గట్టి నేలకు తగులుతుంది. అదీ చదవాలి. రెండింటి తేడా పూడిక మందం.

మొదటి ముడి దగ్గర మూడడుగుల రెండంగుళాలు, నాలుగడుగుల ఆరంగుళాలు. అంటే పూడిక అడుగు నాలుగంగుళాలు. తెప్ప మీది నుంచి అన్న అరుస్తుంటే, ఒడ్డున డిగ్రీ చదివే చెల్లె కాగితం మీద రాస్తోంది. తూము దగ్గరికి వచ్చేసరికి తాత లేచి నిలబడ్డాడు. తూము రాతి స్తంభాలకు మూడు అడ్డరాళ్ళు ఉండాలట. మాకు పైన రెండే తెలుసు. మూడోది ఎక్కడుందో ఆయన చేత్తో చూపించాడు. అక్కడ కర్ర దించితే బురదలో రెండున్నర అడుగుల కింద రాయి తగిలింది. తాత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సిన్నప్పుడు గా రాయి మీద కూసొని ఈత కొట్టినం" అన్నాడు.

మొత్తం 25 చోట్ల కొలిచాం. కుంట నడిమి రెండెకరాల్లో పూడిక సగటున అర మీటరు పైన ఉంది. ఇంటికొచ్చి లెక్క వేశాను. రెండెకరాలంటే సుమారు 8,000 చదరపు మీటర్లు. అర మీటరు మందం తీస్తే 4,000 ఘనపు మీటర్లు. అంటే 40 లక్షల లీటర్ల నీళ్ళకు చోటు. ట్రాక్టర్ బావ అడిగిన ప్రశ్నకు జులైలో దొరకని జవాబు ఇదే. కుంట నిండుతుంది, కానీ సంక్రాంతి రాకముందే ఎండుతుంది. ఎండకుండా ఉండాలంటే ఆ 40 లక్షల లీటర్లు కావాలి.

2023 అక్టోబర్ 22

అసెంబ్లీ ఎన్నికల కోడ్ 9వ తేదీ నుంచి అమల్లో ఉంది. పని అనుమతి కోసం పెట్టిన మా కాగితం ఒక ఆఫీసులో టేబుల్ మీదే ఉంది, డిసెంబర్ దాకా కదలదన్నారు. కాబట్టి ఈ రెండు నెలలు సంఘం లోపలి పనులకే.

సద్దుల బతుకమ్మ రోజు మా ఊరి ఆడవాళ్ళు బతుకమ్మలను ట్రాక్టర్‌లో పెట్టుకుని కింది చెరువు దాకా వెళ్ళారు. మా కుంట ఒడ్డుకు దారి లేదు, నిండా ముళ్ళు. అధ్యక్షురాలు వదిన తిరిగొచ్చాక నాతో అంది: "తమ్మీ, ప్రపోజల్‌ల ఇది రాయి. ఏడేండ్లాయె, మా కుంటల మా బతుకమ్మ తేలక." నేనది ఆమె మాటల్లోనే రాసి పెట్టుకున్నాను. లీటర్ల లెక్క ఎంత ముఖ్యమో ఈ మాటా అంతే ముఖ్యం.

2023 నవంబర్ 19

డల్లాస్‌లో ఉండే మా ఊరి అన్న ఒకాయన ఫోన్ చేశారు. కొలతల ఫొటోలు చూసి మనసు కదిలి, మూడు వేల డాలర్లు పంపిస్తానన్నారు. అకౌంట్ నంబర్ పంపేముందు ఆడిటర్ గారిని అడగడం ఎంత మంచిదైందో.

ఆ అన్నకు అమెరికా పౌరసత్వం ఉంది. విదేశీ విరాళాల మీద ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ప్రకారం ఆయన ఇచ్చేది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఓసీఐ కార్డు ఉన్నా అంతే, రూపాయల్లో ఇచ్చినా అంతే. అది తీసుకోవాలంటే సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో 15 లక్షల ఖర్చు చూపించాలి. వచ్చే డబ్బు కూడా ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి. మేము ఊరి ఖాతాలో ఆ మూడు వేల డాలర్లు వేయించుకుని ఉంటే మంచి మనసుతో ఇచ్చిన డబ్బు మమ్మల్ని పెద్ద ఇబ్బందిలో పడేసేది.

అదే అన్న బావమరిది కూడా అక్కడే ఉన్నాడు, ఇంకా భారత పాస్‌పోర్టే. భారత పౌరుడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఆయన 25 వేల రూపాయలు పంపాడు. పాస్‌పోర్టు కాపీ తీసుకుని ఫైల్‌లో పెట్టాం. ఊరి మీద ప్రేమతో డబ్బు పంపాలనుకునే వాళ్ళు మన ఊళ్ళన్నిటికీ ఉన్నారు. ఈ తేడా ముందే తెలిసి ఉండాలి.

విరాళాల రసీదుల గురించి కూడా ఇదే రోజు నేర్చుకున్నాను. 2,000 రూపాయలు దాటిన నగదుకు 80జీ మినహాయింపు రాదు. కాబట్టి పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే. ఏడాది చివర ఫారం 10బీడీలో దాతల వివరాలు పెడితేనే వాళ్ళకు సర్టిఫికెట్ వస్తుంది, గడువు మే 31.

2024 జనవరి 7

ఎన్నికలు అయిపోయాయి. సర్పంచ్ అన్న పదవీకాలం ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఆ తర్వాత ప్రత్యేక అధికారి వస్తారు. గ్రామసభ తీర్మానం ఇప్పుడే కావాలని సర్పంచ్ అన్నే తొందరపెట్టాడు.

సభలో అసలు చర్చ శిఖం భూమి (కుంట నిండితే మునిగే భూమి) దగ్గర ఆగింది. కుంట ఎగువ అంచున ఇద్దరు రైతులు నీళ్ళు తగ్గగానే గడ్డి వేసుకుంటారు. లోతు పెరిగితే నీళ్ళు ఎక్కువ రోజులు ఉంటాయి, వాళ్ళ గడ్డి పోతుంది. వాళ్ళిద్దరూ లేచి చెప్పింది న్యాయమే. పశువులున్న ఇండ్లు అవి. రెండు గంటలు మాట్లాడాక తేలిందేమిటంటే, పూడిక మట్టిలో మొదటి వంద ట్రిప్పులు వాళ్ళ చెల్కలకు, కట్ట వెనక ఊట నీళ్ళు వచ్చే జాగాలో గడ్డి వేసుకునే వీలు వాళ్ళకే. ఇది తీర్మానంలో రాయించాం. ప్రపోజల్‌లో రిస్కులు రాసే చోట కూడా దాచకుండా రాశాం.

చేపల సంఘం అన్నలు తూము దగ్గర లోతైన గుంత ఒకటి ఉంచమన్నారు, ఎండాకాలం తల్లి చేపలు బతకడానికి. బయాలజీ సార్ ఈశాన్యం మూల అర ఎకరం తుంగ, జమ్ము అసలు ముట్టుకోవద్దని పట్టుబట్టారు. నీటికోళ్ళు గుడ్లు పెట్టేది అక్కడే. ఆయన పంచాయతీలోని జీవవైవిధ్య కమిటీ రిజిస్టర్ తీసి, కుంటలోని పక్షుల పేజీ జిరాక్స్ తీయించారు. ప్రతి స్థానిక సంస్థలో ఈ కమిటీ ఉండాలని 2002 జీవవైవిధ్య చట్టమే చెప్పింది. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చిందని, అక్కడా ముందు పక్షులనే లెక్కపెట్టారని సభలో చెప్పారు. ఆ జిరాక్స్ పేజీ మా ప్రపోజల్‌కు జతచేశాం.

2024 జనవరి 21

బడ్జెట్. నాలుగు ఆదివారాలు పట్టింది. ఈసారి ఒక్క అంకె కూడా ఊహించి రాయలేదు.

ముందు ఏ డబ్బుతో ఏ పని చేయవచ్చో విడదీశాం. ఉపాధి హామీలో యంత్రాలు వాడకూడదు, కాంట్రాక్టర్ ఉండకూడదు. కాబట్టి కట్ట మీది కంప, గుంతలు తవ్వడం, మొక్కలు నాటడం, నీళ్ళు పోయడం దానికి. మొక్కలు పంచాయతీ నర్సరీ నుంచి. యంత్రం తప్పని పనులకు మాత్రమే గ్రాంట్ అడగాలి. జూన్‌లో గీత గీసుకున్న "కలపడం" ఇదే.

అంకెలు ఇవి. పొక్లెయిన్ 60 గంటలు, గంటకు 2,400 చొప్పున 1,44,000. తుమ్మ పెకలించడానికి జేసీబీ 40 గంటలు, 1,100 చొప్పున 44,000. తూము మరమ్మతు 38,000. మొక్కలు, కంచెలు 36,000. రెండు ఎండాకాలాలు నీళ్ళు పోయడానికి 30,000. మట్టి పరీక్షలు, నీటిమట్టం కొలిచే గేజీ 9,000. ఆడిట్ 8,000. అనుకోని ఖర్చులకు 5 శాతం. మొత్తం 3,24,450. ప్రతి రేటుకూ మూడు కోటేషన్లు. వాకింగ్ ట్రాక్, బెంచీలు తీసేశాం.

ఊరి వాటా గడిలో జులైలో "లేదు" అని రాసిన చోట ఇప్పుడేం రాశామో చెప్పాలి. 4,000 ఘనపు మీటర్ల మట్టిని రైతులు తమ ట్రాక్టర్లతో తమ చెల్కలకు తోలుకుంటారు. ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల లెక్కన 1,330 ట్రిప్పులు. ట్రిప్పుకు 350 రూపాయలు. మొత్తం 4,65,500. మేము అడిగే దానికన్నా మా ఊరు పెట్టేదే ఎక్కువ. ఏమీ లేని వాళ్ళలా ఎందుకు అడిగామా అని ఆ రోజు చాలా బాధ కలిగింది. 41 మంది రైతులు ఎన్ని ట్రిప్పులు తోలుకుంటారో రాసి సంతకాలు పెట్టిన కాగితం జతచేశాం.

తుమ్మ కట్టె అమ్మితే బొగ్గు బట్టీల వాళ్ళు కొంటారు. కానీ అది ప్రభుత్వ భూమిలో చెట్టు, ఆ ఆదాయం పంచాయతీ వేలంలో పంచాయతీకే వెళ్ళాలి. అందుకే దాన్ని మా ఆదాయంలో చూపించలేదు.

2024 ఫిబ్రవరి 18

పని అనుమతి చేతికొచ్చింది. తారీఖు వేసి సీలు కొట్టిన ఆ కాగితాన్ని పది కాపీలు తీయించాను.

మూడు చోట్లకు పంపాం. ఒకటి ఆ హైదరాబాద్ ట్రస్టు. రెండోది ఒక కంపెనీ సీఎస్ఆర్ విభాగం, మూడేళ్ళ అనుభవం మాకు లేదు కాబట్టి జిల్లాలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక పెద్ద సంస్థ పేరు మీద, మేము క్షేత్రస్థాయి భాగస్వాములుగా. మూడోది ఒక బ్యాంకు ఫౌండేషన్. మూడింటికీ ఒకే కాగితం పంపలేదు. ట్రస్టుకు నీళ్ళ లెక్క ముందు, కంపెనీకి రైతుల భాగస్వామ్యం ముందు, బ్యాంకు వాళ్ళకు మహిళల మాట ముందు పెట్టాం. అంకెలు మాత్రం మూడింట్లోనూ ఒకటే.

2024 మార్చి 24

ట్రస్టు మేడం స్వయంగా వచ్చారు. మేము భోజనాలు, శాలువా ఏర్పాటు చేయాలనుకుంటే వదిన వద్దంది. "కుంట సూపెడదాం, గంతే" అంది. మేడం కట్ట చుట్టూ నడిచి, నీరటి తాత దగ్గర నలభై నిమిషాలు కూర్చున్నారు. తర్వాత ఎండిన కుంటలో దిగి, వెదురు కర్ర అడిగి, తానే ఒకచోట అదిమి చూశారు. మా కాగితంలో ఆ చోట అడుగు ఏడంగుళాలని ఉంది. కర్ర అడుగు ఆరంగుళాలు దిగింది.

2024 ఏప్రిల్ 14

శాంక్షన్ లెటర్. రెండు లక్షలు. ముందు 1,20,000, సగం పని, లెక్కలు చూశాక 80,000.

కంపెనీ నుంచి జవాబు లేదు. బ్యాంకు ఫౌండేషన్ ఈ ఏడాది మా జిల్లా లేదని రాసింది. మిగతా డబ్బు ఇలా కుదిరింది: మొక్కలు, నీళ్ళ ఖర్చు 66,000 ఉపాధి హామీ, పంచాయతీ నర్సరీ వైపు వెళ్ళింది. బావమరిది గారి 25,000 ఉంది. ఇంకా 33,450 కావాలి. ఊళ్ళో వారం తిరిగాం. వంద నుంచి రెండు వేల దాకా, ప్రతి ఇంటికీ రసీదు. ఒక అవ్వ యాభై రూపాయలిచ్చి, రసీదు మడిచి కొంగున కట్టుకుంది.

2024 మే 26

పదమూడు రోజులుగా కుంటలో పొక్లెయిన్ శబ్దం. లోక్‌సభ పోలింగ్ 13న అయిపోయింది, 14 నుంచి పని మొదలు. లెక్క కోసం ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున యంత్రం స్టార్ట్ చేసేముందు అవర్ మీటర్ ఫొటో, సాయంత్రం ఆపాక ఇంకో ఫొటో, పక్కన నోట్‌బుక్‌లో డ్రైవర్ సంతకం. 63 గంటలైంది. బడ్జెట్ కన్నా మూడు గంటలు, 7,200 రూపాయలు ఎక్కువ. అనుకోని ఖర్చుల్లోంచి సర్దాం.

ఒక తప్పు జరిగింది. తుమ్మ తీసిన రెండో రోజు జేసీబీ యజమాని తెల్ల చిట్టీ మీద 8,800 రాసిచ్చాడు. అందులో పేరు లేదు, నంబరు లేదు. తర్వాత సరైన బిల్లు ఇస్తానని ఇవ్వలేదు. అలాంటి కాగితం ట్రస్టుకు పెట్టకూడదని కమిటీలో నిర్ణయించాం. 22 మందిమి తలా 400 వేసుకుని కట్టాం. బిల్లు చేతికి రాకుండా డబ్బు ఇవ్వకూడదన్నది ఆ రోజు నుంచి నియమం.

ఉపాధి హామీ కూలి ఏప్రిల్ నుంచి 300 అయింది. కట్ట మీద రోజూ అరవై మంది పైన పనిచేస్తున్నారు. మూడో అడ్డరాయి బయటపడిన రోజు తాతను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు పిల్లలు.

2024 సెప్టెంబర్ 2

రెండు రోజులుగా కుండపోత. మహబూబాబాద్, ఖమ్మం వైపు వరదలతో జనం అల్లాడుతున్నారు, మా చుట్టాలూ అక్కడున్నారు, మనసు అక్కడే ఉంది. మా కుంట నిన్న రాత్రి మత్తడి దుంకింది. కట్ట నిలబడింది. రాత్రి పన్నెండింటికి టార్చి లైట్లతో వెళ్ళి తూము చుట్టూ ఎక్కడైనా ఊట ఉందేమో చూసొచ్చాం. ఎక్కడా లేదు.

2024 అక్టోబర్ 20

పదో తేదీన సద్దుల బతుకమ్మ మా కుంటలోనే. ఫొటో తీయమని వదిన నన్ను ముందే నిలబెట్టింది, రిపోర్టుకు కావాలని. తీరా బతుకమ్మలు నీళ్ళల్లో విడిచేటప్పుడు ఆమె ఏడ్చేసింది. ఆ ఫొటో రిపోర్టులో పెట్టలేదు.

రెండో విడత 80,000 ఈ వారం వచ్చింది. తూము మేస్త్రీకి, పొక్లెయిన్‌కు బాకీలు తీర్చాం. గ్రాంట్ డబ్బు దేనికి వాడామో చెప్పే యూటిలైజేషన్ సర్టిఫికెట్ ఆడిటర్ గారి దగ్గర ఉంది. గేజీ మీద ప్రతి ఆదివారం మట్టం రాసే పని ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలది. మొక్కల్లో ఎనభై దాకా ఎండిపోయాయి, మళ్ళీ నాటాలి. అది కూడా రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. పూడిక తోలిన చెల్కల మట్టి పరీక్షలు యాసంగి తర్వాత.

పక్క ఊరి యువకులు నలుగురు వచ్చి ప్రపోజల్ కాపీ అడిగారు. ఇచ్చాను. వెదురు కర్ర, ముడులేసిన తాడు కూడా వాళ్ళ ట్రాక్టర్‌లో వేసి పంపాను. డిసెంబర్‌లోపు తిరిగివ్వాలి, మాకు మళ్ళీ కొలత ఉంది.